మాల్ట్ ముందుండే పేల్ ఏల్: నాలుగు బ్యాచ్‌ల్లో కుదిరిన రెసిపీ

ఇంట్లో చేసుకునే ఈ పేల్ ఏల్ అనే బీర్ మొదటి బ్యాచ్‌ని నేనే సగం గ్లాసు తాగి పక్కన పెట్టేశాను. చెడిపోయిందని కాదు. పులుపు లేదు, వెన్న వాసన లేదు, రంగు ముచ్చటైన రాగి రంగు. మొదటి గుక్క బాగుంది, రెండోదీ బాగుంది. నాలుగో గుక్కకి నాలుక మీద పాకం పూసినట్టయింది, పెదాలు అంటుకోవడం మొదలైంది. ఇంకా ముప్పై ఆరు సీసాలున్నాయి.

నాకు కావాల్సింది వేరు. హాప్స్ (బీర్‌కి చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వెనక్కి తగ్గి, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఇచ్చే బిస్కెట్, టోస్ట్, కాలిన బ్రెడ్ పైపొర లాంటి రుచులు ముందుకు రావాలి. అయినా పేల్ ఏల్‌లానే ఉండాలి, గ్లాసు అయిపోగానే ఇంకోటి పోసుకోవాలనిపించాలి. దీనికి నాలుగు బ్యాచ్‌లు పట్టాయి. మొదటి రెండూ ఎందుకు తప్పాయో తేలకపోతే మూడోది వచ్చేది కాదు కాబట్టి వాటి లెక్కలు కూడా ఇక్కడ ఇస్తున్నాను. అన్నీ 20 లీటర్ల బ్యాచ్‌లు, డిగ్రీలన్నీ సెల్సియస్.

పేల్ ఏల్ అనగానే ఇప్పుడు చాలామందికి హాప్సే గుర్తొస్తాయి. అమెరికాలోని సియెరా నెవాడా బ్రూవరీ వాళ్ళు 1980లో క్యాస్కేడ్ హాప్స్‌తో చేసిన పేల్ ఏల్ తర్వాత ఆ పేరుకి గ్రేప్‌ఫ్రూట్, పైన్ వాసనలు అతుక్కుపోయాయి. కానీ పేరులోని ‘పేల్’ హాప్స్ గురించి కాదు, మాల్ట్ గురించి. కట్టెల మంట మీద ఆరబెట్టిన మాల్ట్ ముదురుగా, పొగవాసనతో ఉండేది. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో కోక్ (పొగ లేకుండా మండే బొగ్గు) మీద ఆరబెట్టడం మొదలయ్యాక లేత రంగు మాల్ట్ చేతికొచ్చింది. ఆ మాల్ట్‌తో చేసిన ఏల్ కాబట్టి పేల్ ఏల్. అంచేత మాల్ట్ ముందుండే పేల్ ఏల్ కొత్త ప్రయోగమేమీ కాదు.

మొదటి బ్యాచ్: పిండి కొద్దీ రొట్టె అనుకున్నాను

అప్పుడు నా లెక్క చాలా సింపుల్. మాల్ట్ రుచి ఎక్కువ కావాలంటే రుచి ఎక్కువున్న మాల్ట్ ఎక్కువ వెయ్యాలి. 5 కిలోల ధాన్యంలో పేల్ మాల్ట్ 3.9 కిలోలు, 60 లవిబాండ్ (మాల్ట్ రంగు కొలత) క్రిస్టల్ మాల్ట్ 600 గ్రాములు, బాడీ (నోట్లో చిక్కదనం) కోసం డెక్స్‌ట్రిన్ మాల్ట్ 500 గ్రాములు. మాష్ (మాల్ట్‌ని వేడి నీళ్ళలో నానబెట్టడం) 69 డిగ్రీల దగ్గర ఒక గంట. చేదు 25 ఐబీయూ. ఈస్ట్ కూడా అన్ని చక్కెరలూ తినని ఒక ఇంగ్లీష్ రకం. ఓజీ (పులియకముందు సాంద్రత) 1.054 వచ్చింది, ఎఫ్‌జీ (పులిశాక సాంద్రత) 1.022 దగ్గర ఆగిపోయింది.

1.022 చూడగానే ఫెర్మెంటేషన్ మధ్యలో నిలిచిపోయిందేమోనని టెన్షన్ పడ్డాను. ఫెర్మెంటర్‌ని వెచ్చటి గదిలోకి మార్చాను, మెల్లగా ఊపి ఈస్ట్‌ని లేపాను, ఇంకో ఐదు రోజులు ఆగాను. హైడ్రోమీటర్ కదల్లేదు. లోపల మిగిలినదంతా ఆ ఈస్ట్ తినలేని సరుకు. దాన్ని అక్కడ పెట్టింది నేనే, అదీ మూడు దారుల్లో.

ఒకటి క్రిస్టల్ మాల్ట్. దీన్ని తడిగా ఉన్న మొలకల్నే 65 డిగ్రీలకు అటూ ఇటూ వేడిలో ఉంచి, గింజ లోపలే పిండి చక్కెరగా మారేలా చేసి, ఆ తర్వాత వేయిస్తారు. ఆ చక్కెర లోపలే గట్టిపడి అద్దంలా అవుతుంది. గింజను కొరికితే కరకరలాడి టాఫీలా కరుగుతుంది. ఆ చక్కెరల్లో చాలా భాగం ఈస్ట్‌కి పనికిరాదు, బీర్‌లో తీపిగా, బరువుగా మిగిలిపోతుంది. డెక్స్‌ట్రిన్ మాల్ట్ సంగతీ దాదాపు ఇంతే. రెండూ కలిపి నా ధాన్యంలో 22 శాతం ఉన్నాయి.

రెండోది మాష్ వేడి. పిండిని చక్కెరగా కోసే ఎంజైముల్లో బీటా అమైలేజ్ 60 నుంచి 65 డిగ్రీల దగ్గర బాగా పనిచేసి, ఈస్ట్ ఇష్టంగా తినే మాల్టోజ్‌ని ఇస్తుంది. వేడి 70కి చేరితే అది కొద్ది నిమిషాల్లోనే చచ్చిపోతుంది. ఆల్ఫా అమైలేజ్ మాత్రం పని సాగిస్తూ పొడవాటి డెక్స్‌ట్రిన్ ముక్కల్ని మిగులుస్తుంది. నేను 69 అనుకుని మాష్ చేశాను. తర్వాత అనుమానమొచ్చి థర్మామీటర్‌ని మరిగే నీళ్ళలో పెడితే 97.5 చూపించింది. ఐసు ముక్కల నీళ్ళలో సరిగ్గా సున్నా. అంటే వేడి పెరిగే కొద్దీ తక్కువ చూపిస్తోంది. నేను 69 అనుకున్నది నిజానికి 71కి దగ్గర. థర్మామీటర్ కొన్న రోజే చేయాల్సిన పరీక్ష ఇది. ఆరేడు రకాల బీర్లు చేశాక చేశాను.

మూడోది ఈస్ట్. వర్ట్‌లో (మాష్ నుంచి దిగే తియ్యటి నీళ్ళు) మాల్టోజ్ తర్వాత ఎక్కువగా ఉండే చక్కెరల్లో మాల్టోట్రయోజ్ ఒకటి. కొన్ని ఇంగ్లీష్ ఈస్ట్‌లు దాన్ని ముట్టుకోవు. నేను వాడింది ఆ కోవదే. తీపి మిగలడానికి ఒక కారణం చాలు, నేను మూడు పెట్టాను.

రెండో బ్యాచ్: కోపంతో రాసిన రెసిపీ

రెండోసారి మొదటిదానికి పూర్తిగా అటువైపు పోయాను. క్రిస్టల్ లేదు, డెక్స్‌ట్రిన్ లేదు. మామూలు టూ-రో (రెండు వరసల బార్లీ) పేల్ మాల్ట్ ఒక్కటే, 4.7 కిలోలు. మాష్ 65 డిగ్రీలు, ఈసారి సరైన థర్మామీటర్‌తో. ఈస్ట్ యూఎస్-05. చేదు 38 ఐబీయూ. నీళ్ళలో జిప్సం (కాల్షియం సల్ఫేట్) బాగా వేసి సల్ఫేట్‌ని 200 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) దాకా తీసుకెళ్ళాను, ఎందుకంటే పేల్ ఏల్‌కి పేరుపడ్డ, ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊరి నీళ్ళలో సల్ఫేట్ ఎక్కువని చదివి ఉన్నాను. ఓజీ 1.050, ఎఫ్‌జీ 1.009.

శుభ్రమైన బీర్. తప్పు పట్టడానికి ఏమీ లేదు, గుర్తుపెట్టుకోవడానికీ ఏమీ లేదు. చేదు ముందొచ్చి, వెనకాల కాస్త ధాన్యం వాసన కనబడి మాయమయ్యేది. అసలు తప్పు రుచిలో కన్నా పద్ధతిలో ఉంది. మాల్ట్, మాష్, ఈస్ట్, చేదు, నీళ్ళు అన్నీ ఒకే దెబ్బకు మార్చేశాను. దేనివల్ల ఏం పోయిందో చెప్పలేని పరిస్థితి. రెండు బ్యాచ్‌లు, అంటే దాదాపు రెండు నెలలు గడిచాక నాకు తెలిసింది ఒక్కటే: ఒకటి మరీ తీపి, ఇంకోటి మరీ పలచన.

మూడోది మొదలుపెట్టే ముందు బ్రూయింగ్ ఆపేసి, ఒక్కో మాల్ట్ రుచి విడిగా చూడాలని కూర్చున్నాను.

మాల్ట్ టీ

పద్ధతి తేలిక. 50 గ్రాముల మాల్ట్‌ని మిక్సీలో రవ్వలా పట్టి, 450 మిల్లీలీటర్ల 65 డిగ్రీల నీళ్ళలో కలిపి, ఫ్లాస్కులో పోసి మూత బిగించి బాగా ఊపి, 15 నిమిషాలు వదిలెయ్యాలి. తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితంలో వడగట్టాలి. చల్లారాక వాసన చూసి, నోట్లో తిప్పి చూడాలి. ఒక మధ్యాహ్నం ఐదు మాల్ట్‌లకి ఐదు జాడీలు వరసగా పెట్టాను.

మామూలు టూ-రో టీ లేత గడ్డి రంగు. తియ్యగా ఉంది, తడి ధాన్యం వాసన, అంతకుమించి ఏమీ లేదు. రెండో బ్యాచ్ గ్లాసులో ఉన్నది అచ్చంగా ఇదే. పక్కన మారిస్ ఆటర్ టీ. ఇది 1960ల్లో కేంబ్రిడ్జ్‌లో తయారైన శీతాకాలపు బార్లీ రకం, ఇంగ్లీష్ ఏల్స్‌కి ఇప్పటికీ చాలామంది దీన్నే వాడతారు. రంగులో పెద్ద తేడా లేదు కానీ ముక్కు దగ్గర పెట్టుకుంటే ప్యాకెట్ విప్పిన బిస్కెట్ల వాసన, కాస్త గింజల పలుకు. ధాన్యంలో ముప్పావు వంతు ఉండబోయే మాల్ట్ ఇదైతే, ఆ వాసన ముప్పావు వంతు బీర్‌లో ఉన్నట్టే. నేనేమో ఇన్నాళ్ళూ ఆ ముప్పావుని ఖాళీగా వదిలేసి, మిగతా పావులో రుచంతా కూరాలని చూశాను.

మ్యూనిక్ టీ తేనె రంగు. బ్రెడ్ పైపొర వాసన గట్టిగా ఉంది. మ్యూనిక్ మాల్ట్‌ని ఆరబెట్టేటప్పుడు వేడి సుమారు 100 డిగ్రీల దాకా తీసుకెళతారు. ఆ వేడికి గింజలోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు కలిసి మైలార్డ్ చర్యలు జరుగుతాయి. బ్రెడ్ పైభాగం గోధుమరంగుకి మారి ఘుమఘుమలాడేది కూడా ఈ చర్యలవల్లే. అయినా ఎంజైములు చావవు, మ్యూనిక్ తన పిండిని తానే చక్కెరగా మార్చుకుంటుంది. మనకి ఇది చాలా ముఖ్యం. రుచి ఇస్తుంది, ఆ చక్కెరను ఈస్ట్‌కి అప్పజెప్పేస్తుంది.

బిస్కెట్ మాల్ట్ టీ చూడటానికి వింతగా ఉంది. మబ్బుమబ్బుగా, తీపి అస్సలు లేకుండా. వేయించడంలో ఎంజైములన్నీ పోయాయి కాబట్టి పిండి పిండిగానే ఉండిపోయింది. అసలు మాష్‌లో పేల్ మాల్ట్ ఎంజైములు దీని పనీ చేసి పెడతాయి. వాసన మాత్రం పొడి టోస్ట్, చాలా గాఢం. ఇక క్రిస్టల్ 60 టీ ఎర్రటి రంగు, టాఫీ, ఎండుద్రాక్ష. ఒంటరిగా తాగితే ఐదింటిలో అందరూ ముందు మెచ్చేది ఇదే, అందుకే అందరం ఎక్కువ వేసేస్తాం.

తర్వాత మిశ్రమాలు. మొత్తం 50 గ్రాములే ఉంచి, ఒకదాంట్లో క్రిస్టల్ 2 గ్రాములు, ఇంకోదాంట్లో 6 గ్రాములు. 6 గ్రాముల దాంట్లో మారిస్ ఆటర్ బిస్కెట్ వాసన కనబడకుండా పోయింది. టాఫీ దాన్ని కప్పేసింది. 2 గ్రాముల దాంట్లో టాఫీ అని వేలెత్తి చూపించలేం గానీ, బిస్కెట్ వాసనకి కొంచెం గుండ్రదనం వచ్చింది. అంటే 4 శాతం. ఆ రోజే రెసిపీ సగం రాసేసుకున్నాను.

ఈ టీ పులియనిది కాబట్టి ప్రతిదీ తియ్యగానే ఉంటుంది. తీపిని వదిలేసి వాసనని పట్టుకోవడం అలవాటు కావడానికి నాకు రెండు మూడు సార్లు పట్టింది. చల్లారకముందు ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆవిరికి అన్నీ ఒకేలా ఉంటాయి.

గ్లాసులో ఉప్పు

రెండో బ్యాచ్ సీసాలు ఇంకా ఉన్నాయి కదా, వాటిమీద నీళ్ళ ప్రయోగం చేశాను. సల్ఫేట్ చేదుని పదును పెడుతుంది, క్లోరైడ్ మాల్ట్‌ని నిండుగా చూపిస్తుంది. చదివి తెలుసుకోవడం వేరు, నాలుకతో తెలుసుకోవడం వేరు. ఆహారానికి వాడదగిన కాల్షియం క్లోరైడ్ 1 గ్రాముని 100 మిల్లీలీటర్ల నీళ్ళలో కరిగించాను. 200 మిల్లీలీటర్ల బీర్‌లో ఆ ద్రావణం 2 మిల్లీలీటర్లు వేస్తే క్లోరైడ్ సుమారు 48 పీపీఎం పెరుగుతుంది. రెండు గ్లాసులు పక్కపక్కన. ఒకదాంట్లో ద్రావణం, ఇంకోదాంట్లో అంతే కొలత మంచినీళ్ళు.

తేడా చిన్నదేమో అనుకున్నాను. అదే బీర్, అదే సీసా, కానీ క్లోరైడ్ పడిన గ్లాసులో చేదు అంచు మెత్తబడి, ధాన్యం రుచి ఇంకాసేపు నాలుక మీద నిలిచింది. 4 మిల్లీలీటర్లు వేసి చూస్తే ఉప్పదనం తగలడం మొదలైంది. బర్టన్ నీళ్ళు హాప్స్ గట్టిగా వేసిన బీర్‌కి పేరు తెచ్చాయి. నేను చేస్తున్న బీర్‌కి వాటిని అరువు తెచ్చుకోవడం నా తెలివితక్కువతనం.

మూడో బ్యాచ్: ఒకే వర్ట్, రెండు ఈస్ట్‌లు

ఈసారి ఒక్కటే ప్రశ్న మిగుల్చుకోవాలనుకున్నాను. ధాన్యం టీలతో తేలింది, నీళ్ళు గ్లాసుల్లో తేలాయి. మిగిలింది ఈస్ట్. 20 లీటర్ల వర్ట్ ఒకేసారి చేసి, పది పది లీటర్లుగా రెండు ఫెర్మెంటర్లలోకి పంచాను. ఒకదాంట్లో ఎస్-04, ఇంకోదాంట్లో యూఎస్-05. రెండూ ఒకే గదిలో, 18 డిగ్రీల దగ్గర.

ధాన్యం 4.75 కిలోలు. మారిస్ ఆటర్ 3.7, మ్యూనిక్ 0.6, బిస్కెట్ 0.25, క్రిస్టల్ 60 0.2. మాష్ 66 డిగ్రీలు. ఓజీ 1.052. ఎస్-04 వైపు ఎఫ్‌జీ 1.014, యూఎస్-05 వైపు 1.011.

యూఎస్-05 గ్లాసు నా అభిప్రాయాన్ని మార్చేసింది. 1.011 అంటే రెండో బ్యాచ్ 1.009కి కూతవేటు దూరం. దాన్ని నేను పలచన అన్నాను. ఇది మాత్రం మాల్ట్‌తో నిండి ఉంది. బిస్కెట్, టోస్ట్, బ్రెడ్ అన్నీ ఉన్నాయి, చివర్లో మాత్రం నోరు శుభ్రంగా ఉంది. మాల్ట్ రుచికి మిగిలిపోయిన చక్కెరతో పెద్దగా పని లేదని అప్పుడు పూర్తిగా నమ్మాను. మొదటి బ్యాచ్‌లో నేను తీపినే మాల్ట్ అనుకుని మోసపోయాను.

ఎస్-04 వైపు కొంచెం పండ్ల వాసన, కొంచెం గుండ్రదనం. తేడా నిజమా, నా ఊహా అని మూడు గ్లాసుల పరీక్ష పెట్టుకున్నాను. ఇంట్లో ఒకరు రెండు గ్లాసుల్లో ఒకటి, మూడోదాంట్లో ఇంకోటి పోసి ఇస్తారు, వేరేది ఏదో నేను చెప్పాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది కాబట్టి ఒక్కసారితో తేలదు. మూడు రోజుల్లో ఆరుసార్లు చేస్తే ఐదుసార్లు పట్టుకున్నాను. తేడా ఉంది. నాకు ఎస్-04 నచ్చింది, యూఎస్-05 కావాలన్నవాళ్ళతో వాదించను.

ఒక్క లోపం. రెండు గ్లాసుల్లోనూ మింగాక గొంతులో పొడిపొడిగా, ఉప్పు లేని క్రాకర్ తిన్నట్టు తగిలింది. ఇది బిస్కెట్ మాల్ట్ పని. 250 గ్రాములు ఎక్కువైంది.

నాలుగో బ్యాచ్: చివరి రెసిపీ

బిస్కెట్‌లో 100 గ్రాములు తీసి మ్యూనిక్‌కి ఇచ్చాను, అంతే. మిగతాదంతా అలాగే ఉంది.

ఫెర్మెంటర్‌లోకి 20 లీటర్లు, మాల్ట్ నుంచి చక్కెర దిగుబడి 70 శాతం అనుకుని వేసిన లెక్క:
మారిస్ ఆటర్ 3.7 కిలోలు
మ్యూనిక్, లేత రకం, 700 గ్రాములు
క్రిస్టల్ 60 లవిబాండ్ 200 గ్రాములు
బిస్కెట్ 150 గ్రాములు
హాప్స్ (ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ రకం, చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లం 5 శాతం): మరగడం ఇంకా 60 నిమిషాలు ఉండగా 40 గ్రాములు, 15 నిమిషాలు ఉండగా 15 గ్రాములు, మంట ఆర్పాక 15 గ్రాములు
ఎస్-04 ఈస్ట్, 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి
ఓజీ 1.052, ఎఫ్‌జీ 1.014, ఆల్కహాల్ 5 శాతం, చేదు 27 ఐబీయూ, రంగు 9 ఎస్‌ఆర్‌ఎం

చేదు గురించి ఒక మాట. చాలామంది ఐబీయూని ఓజీ చివరి రెండంకెలతో భాగించి బ్యాలెన్స్ చూస్తారు. ఇక్కడ 27ని 52తో భాగిస్తే 0.52. రెండో బ్యాచ్‌లో అది 0.76, మొదటిదాంట్లో 0.46. ఈ అంకె పనికొస్తుంది గానీ ఒంటరిగా నమ్మకూడదు, దాంట్లో ఎఫ్‌జీ లేదు. మొదటి బ్యాచ్‌ని 0.52కి తెచ్చినా 1.022 దగ్గర అది పాకమే. నేనైతే ముందు ఎఫ్‌జీ ఎక్కడ ఆగాలో రాసుకుని, తర్వాతే హాప్స్ తూస్తాను. హాప్స్ ప్యాకెట్ మీద ఆల్ఫా 5.8 అని ఉంటే 40 గ్రాముల బదులు 34.5 సరిపోతాయి. ఈ సవరణ మర్చిపోతే పేపర్ మీద 27, గ్లాసులో 30 దాటుతుంది.

నీళ్ళు ఆర్ఓవి, మొత్తం 30 లీటర్లు. వాటిలో కాల్షియం క్లోరైడ్ 6 గ్రాములు, జిప్సం 3 గ్రాములు. దాంతో క్లోరైడ్ 96, సల్ఫేట్ 56, కాల్షియం 77 పీపీఎం దగ్గర ఉంటాయి. కుళాయి నీళ్ళు వాడేవాళ్ళు వాటిలో ముందే ఏముందో తెలుసుకోకుండా ఈ గ్రాములు వేయొద్దు. 30 ఎందుకంటే ధాన్యం కిలోకి లీటరు చొప్పున తాగేస్తుంది, గంట మరిగితే నా కెటిల్‌లో మూడున్నర లీటర్లు ఆవిరవుతాయి, అడుగున మడ్డిలో లీటరున్నర పోతుంది. మీ కెటిల్ లెక్క వేరే ఉంటుంది, ఒకసారి ఉత్త నీళ్ళు గంట మరిగించి కొలిచి చూసుకోండి.

మాష్‌కి 14 లీటర్లు. ధాన్యం 25 డిగ్రీల దగ్గర ఉంటే నీళ్ళు 72 డిగ్రీలకి కాచి పోస్తే 66 దగ్గర కుదురుతుంది. పీహెచ్ 5.3 నుంచి 5.5 మధ్య ఉంటే చాలు. గంట తర్వాత మిగతా నీళ్ళతో కడిగి కెటిల్‌లోకి తీసుకోవడమే.

ఇక్కడ ఒక చిట్కా చాలామంది చెప్తారు: మొదట దిగిన చిక్కటి వర్ట్ రెండు లీటర్లు విడిగా తీసి అర లీటరయ్యేదాకా మరిగించి మళ్ళీ కలపమని. మూడో బ్యాచ్ రోజున కొంచెం వర్ట్‌తో చేసి రుచి చూశాను. నిజంగానే మంచి టాఫీ. కానీ టాఫీ నుంచి పారిపోయి వచ్చినవాణ్ణి, మళ్ళీ దాన్ని పిలిచి కూర్చోబెట్టలేదు. ముదురు స్కాటిష్ ఏల్‌కైతే బాగుంటుంది.

ఫెర్మెంటేషన్ మొదటి మూడు రోజులు 18 డిగ్రీలు. నురగ తగ్గడం మొదలయ్యాక 20, 21కి పెరగనిచ్చాను. ఈస్ట్ తాను వదిలిన డయాసిటైల్‌ని (వెన్న వాసన ఇచ్చే పదార్థం) తానే తిరిగి మింగెయ్యడానికి ఆ కాస్త వేడి సాయం చేస్తుంది. ఈ తరహా బీర్‌లో ఇది తప్పకుండా చూడాలి, ఎందుకంటే వెన్న వాసన మాల్ట్ వాసనతో కలిసిపోయి ‘ఆహా, ఎంత మాల్టీగా ఉంది’ అనిపిస్తుంది. నెల తిరిగేసరికి అది పాతబడ్డ వెన్నగా బయటపడుతుంది. చిన్న పరీక్ష ఉంది. కొంచెం బీర్ గ్లాసులో పోసి మూతపెట్టి, 60 డిగ్రీల నీళ్ళలో అరగంట ఉంచి, చల్లార్చి వాసన చూడాలి. దాగి ఉన్న వెన్న ఉంటే అప్పుడు తెలిసిపోతుంది. నాకు తొమ్మిదో రోజు కొంచెం తగిలింది, పన్నెండో రోజుకి పోయింది. హైడ్రోమీటర్ రెండు రోజుల తేడాతో ఒకే అంకె చూపించాకే సీసాలకెక్కించాను. తొందరపడితే సీసాలు పేలతాయి, ఇది భయపెట్టడానికి అంటున్న మాట కాదు.

గ్యాస్ తక్కువే ఉండాలి. గ్యాస్ ఎక్కువైతే నాలుక మీద చురుకు పుట్టి చేదుకి తోడవుతుంది, మాల్ట్ వెనక్కి పోతుంది. నేను 2.2 వాల్యూమ్స్ (లీటరు బీర్‌కి 2.2 లీటర్ల గ్యాస్) అనుకున్నాను. 18.5 లీటర్లు సీసాలకి వస్తే, బీర్ 20 డిగ్రీల దగ్గరుంటే మామూలు పంచదార 95 గ్రాములు. దాన్ని కొద్ది నీళ్ళలో మరిగించి చల్లార్చి కలపాలి.

తాగేటప్పుడు 10 నుంచి 12 డిగ్రీలు. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే బిస్కెట్ వాసన ఏమీ రాదు. ఒక స్నేహితుడికి అలా చల్లగా ఇస్తే ‘బాగుంది, లైట్‌గా ఉంది’ అన్నాడు. కబుర్లలో పడి గ్లాసు మర్చిపోయి, పావుగంట తర్వాత తాగి, ‘ఇది ఇందాకటిదేనా?’ అని అడిగాడు.

రెండో వారంలో తెరిచిన సీసాలో టోస్ట్ కాస్త దురుసుగా, విడివిడిగా ఉంది. నాలుగో వారానికి అన్నీ కలిసిపోయాయి, రెండు నెలల దాకా అదే స్థితి. పరీక్ష కోసం ఒక సీసా ఐదు నెలలు దాచాను. అందులో బిస్కెట్ వాసన పోయి, తడిసిన అట్టపెట్టె వాసన, దాని వెనకాల పాతబడ్డ తేనె. హాప్స్ గట్టిగా ఉన్న బీర్‌లో కొంతైనా దాక్కునేది, ఇందులో దాక్కోవడానికి చోటు లేదు. సీసాలు నింపేటప్పుడు నేను వాడే గొట్టం అడుగుదాకా వెళ్ళడం లేదని, బీర్ పైనుంచి జారి గాలి పట్టుకుంటోందని దాంతో తెలిసింది. గొట్టం మార్చాను. ఐదో బ్యాచ్ ఇప్పుడు ఫెర్మెంటర్‌లో ఉంది, రెసిపీలో ఒక్క గ్రాము కూడా మార్చలేదు.